విదేశీ ప్రయాణానికి పెట్టె సర్దడం ఎలా? తక్కువ సామానుతో ఎక్కువ పనులు

ఆఫీసు పని మీద మూడు వారాల ఆన్‌సైట్‌కి విదేశాలకు వెళ్లే బెంగళూరు మారతహళ్లి కుర్రాళ్ల దగ్గర నుంచి, కూతురి పురుడికని బెంగళూరు వచ్చి అమెరికా విమానం ఎక్కే అనంతపురం, కడప పెద్దవాళ్ల వరకు అందరూ అడిగేది ఒకటే: "ఏమేం సర్దుకోవాలి?" జాబితాలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. అవి చదివే కొద్దీ పెట్టె నిండుతుంది గానీ టెన్షన్ తగ్గదు. అందుకే ఇక్కడ వస్తువుల పేర్ల కన్నా పద్ధతి ఎక్కువ చెబుతాను. పద్ధతి చిన్నదే. పెట్టెలోకి వెళ్లే ప్రతి వస్తువూ కనీసం రెండు పనులకు పనికిరావాలి, ఇంట్లో మీ చేతికి అలవాటైనదై ఉండాలి. మందులకు, కాగితాలకు మాత్రం మినహాయింపు.

రెండు మూడు వారాల ప్రయాణం అనుకుని రాస్తున్నాను. ఆరు నెలలు ఉండబోయేవాళ్లకూ బట్టల లెక్క దాదాపు ఇదే, ఎక్కడున్నా బట్టలు ఉతుక్కోక తప్పదు కదా. వాళ్లకు మారేది మందుల లెక్క.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పలచటి నూలు తువ్వాళ్లు రెండు
- లుంగీ గానీ పెద్ద చున్నీ గానీ ఒకటి
- జిప్‌లాక్ కవర్లు, చిన్నవీ పెద్దవీ
- మూడు నాలుగు మీటర్ల నైలాన్ తాడు, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, సూదీ దారం
- మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, ఒక చెంచా
- నొక్కితే వంగే ఖాళీ నీళ్ల సీసా
- వెళ్లే దేశానికి సరిపోయే ప్లగ్ అడాప్టర్, చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు
- పవర్ బ్యాంక్
- మందులు, డాక్టరు చీటీ
- లగేజీ తూచే చిన్న కొక్కెం తూకం

వీటిలో సగం పైగా ఇంట్లోనే ఉంటాయి. బెంగళూరులో అయితే అడాప్టర్లు, వైర్లు ఎస్పీ రోడ్డులో, చలి బట్టలు కమర్షియల్ స్ట్రీట్‌లో చూడండి. చలి బట్టలు స్నేహితుల దగ్గర అరువు దొరికితే ఇంకా మంచిది. బెంగళూరులో మళ్లీ వాటి అవసరం పెద్దగా రాదు.

1. టికెట్‌లో బరువు చూడండి, తర్వాతే పెట్టె దించండి

చాలా అంతర్జాతీయ టికెట్లలో చెక్-ఇన్ పెట్టెకు 23 కిలోలు, క్యాబిన్ బ్యాగ్‌కు 7 కిలోలు ఇస్తారు. అన్నీ ఒకలా ఉండవు కాబట్టి మీ టికెట్ మీద ఏముందో అదే లెక్క. అదనపు డబ్బు కట్టినా ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు. మోసేవాళ్ల నడుముల కోసం పెట్టిన హద్దు అది. పెట్టె పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదన్నది ఎక్కువ సంస్థల నియమం.

ఖాళీ పెట్టెను తూచండి. పెద్ద గట్టి ట్రాలీ ఒక్కటే నాలుగైదు కిలోలు తూగుతుంది. అంటే 23లో మీకు మిగిలేది 18. అందులోనూ నాలుగు కిలోలు ఖాళీగా ఉంచండి. ఊరి నుంచి అమ్మో అత్తయ్యగారో బయలుదేరే ముందు రోజు ఒక మూట తెస్తారు. ప్రేమగా తెచ్చినదాన్ని వద్దనలేం, అనకూడదు కూడా. దానికి చోటు ముందే ఉంటే ఆ రాత్రి ఇంట్లో గొడవ ఉండదు.

2. బట్టలు: ప్రతి చొక్కా ప్రతి ప్యాంటుకూ నప్పాలి

కిందవి మూడు, పైవి ఐదు, లోదుస్తులు వారానికి సరిపడా. రెండు వారాలైనా, రెండు నెలలైనా ఇంతే. వాటిని మంచం మీద పరిచి చూడండి. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదికైనా వెళ్తే పదిహేను జతలు వస్తాయి. ఒకే ప్యాంటుకు నప్పే చొక్కా కనిపిస్తే దాన్ని బీరువాలో పెట్టేయండి.

జీన్స్ ఒకటి చాలు, అదీ విమానంలో వేసుకుని వెళ్లండి. బరువెక్కువ, ఉతికితే హోటల్ గదిలో ఒక రోజుకు కూడా ఆరదు. చీర కట్టే పెద్దవాళ్లకు పలచటి సింథటిక్ చీరలు మేలు. గంజి పెట్టిన నూలు చీరలు అక్కడ ఉతకడం కష్టం, ఇస్త్రీ ఇంకా కష్టం. పట్టుచీర ఒకటి కావాలంటే పెట్టుకోండి, గుడికో ఫంక్షన్‌కో పనికొస్తుంది. నాలుగు మాత్రం వద్దు.

చలి దేశమైతే ఒకే మందపాటి కోటు మీద ఆధారపడకండి. ఒంటికి అతుక్కునే థర్మల్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే పలచటి జాకెట్ ఉండాలి. మూడూ వేసుకుంటే గడ్డకట్టే చలికి పనికొస్తాయి. ఒక్క జాకెట్ వేసుకుంటే వానకు, ఒక్క ఫ్లీస్ వేసుకుంటే విమానంలో ఏసీకి. బాగా మంచు పడే చోటికి వెళ్తుంటే అసలు కోటు అక్కడే కొనుక్కోండి. మన దగ్గర దొరికేవి ఆ చలికి చాలా వరకు ఆగవు.

చెప్పుల విషయంలో బూట్లు ఒక జత (వేసుకుని వెళ్లేవి), తడిసినా ఫరవాలేని స్లిప్పర్లు ఒక జత. కొత్త బూట్లు వద్దు. కనీసం రెండు వారాలు ఇక్కడే నడిచి, పాదానికి అలవాటు చేసినవే వేసుకోండి.

3. తువ్వాలు, లుంగీ

లావుపాటి టర్కీ టవల్ వదిలేయండి. పలచటి నూలు తువ్వాలు గంటా రెండు గంటల్లో ఆరుతుంది, మడిస్తే అరచేతిలో ఇముడుతుంది. విమానంలో మెడ కింద చుట్ట, చలిగాలిలో చెవులకు కట్టు, పెట్టెలో గాజు సీసాకు చుట్టు, భోజనం చేసేటప్పుడు ఒళ్లో గుడ్డ, అన్నీ అదే.

దానితో అన్నిటికన్నా పెద్ద పని బట్టలు ఆరబెట్టడం. ఉతికిన చొక్కాను చేత్తో పిండి, పొడి తువ్వాలు మీద పరవండి. రెండూ కలిపి చాపలా గట్టిగా చుట్టండి. చుట్టను నేల మీద పెట్టి ఒక చివర నుంచి మరో చివరకు కాళ్లతో తొక్కండి. విప్పి చూస్తే నీళ్లన్నీ తువ్వాలు పీల్చేసుకుని ఉంటుంది, చొక్కా చెమ్మగా మాత్రమే మిగులుతుంది. రాత్రి తాడు మీద వేస్తే పొద్దునకు వేసుకోవచ్చు. తాడుకు క్లిప్పులు అక్కర్లేదు. రెండు పేటలుగా మెలిపెట్టి కట్టి, మెలికల మధ్యలోకి బట్ట అంచు దూర్చండి. అగ్ని ప్రమాదాల స్ప్రింక్లర్‌కు, పొగను పసిగట్టే పరికరానికి మాత్రం తాడు కట్టకండి. హోటళ్లలో జరిమానా వేస్తారు.

లుంగీ కప్పుకునే దుప్పటి, కిటికీకి తెర, స్నానాల గది నుంచి బయటికి రావడానికి వస్త్రం, పార్కులో కూర్చునే చాప. ఆడవాళ్లకు పెద్ద నూలు చున్నీ ఇవే పనులు చేస్తుంది, పైగా తల కప్పుకోవలసిన ప్రార్థనా స్థలాల్లోనూ పనికొస్తుంది.

ఇక మనవాళ్లు అడగడానికి మొహమాటపడే విషయం ఒకటుంది. అమెరికా, యూరప్ హోటళ్లలో, ఆఫీసుల్లో చాలా వరకు టాయిలెట్‌లో కడుక్కోవడానికి నీళ్లుండవు, కాగితమే. నొక్కితే వంగే అర లీటరు సీసా ఆ లోటు తీరుస్తుంది. దీన్ని తాగే సీసాతో కలపకుండా, వేరే రంగుది తీసుకోండి. రెండు పనులు ఉండాలన్న నియమం దీనికి వర్తించదు.

4. కరెంటు: ప్లగ్ వేరు, వోల్టేజీ వేరు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అడాప్టర్ ప్లగ్ ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. మన దగ్గర 230 వోల్టులు. అమెరికాలో 120, జపాన్‌లో 100. యూరప్, బ్రిటన్, గల్ఫ్, సింగపూర్, ఆస్ట్రేలియాల్లో 220 నుంచి 240 మధ్య.

మీ ఛార్జర్ వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ అన్న చోట చూడండి. 100–240 అని ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. 230 అనో 220–240 అనో మాత్రమే ఉంటే అమెరికాకు తీసుకెళ్లకండి. మన ఎలక్ట్రిక్ కెటిల్ అక్కడ పెడితే వోల్టేజీ సగమవుతుంది, వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. నీళ్లు కాగవు, మీకు ఓపికా ఉండదు. మిక్సీ, రైస్ కుక్కర్ అక్కడే కొనుక్కోవడం మేలు.

ప్లగ్ ఆకారాలు:

- అమెరికా, జపాన్: రెండు చదును పిన్నులు
- బ్రిటన్, సింగపూర్, మలేషియా, దుబాయ్: మూడు దీర్ఘచతురస్రపు పిన్నులు
- యూరప్‌లో ఎక్కువ దేశాలు: రెండు గుండ్రటి పిన్నులు. మన సన్నటి రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్ చాలా చోట్ల నేరుగా పట్టేస్తుంది.
- ఆస్ట్రేలియా: వాలుగా ఉండే చదును పిన్నులు

అడాప్టర్లు నాలుగు కొనే బదులు ఒకటి కొని, దానికి ఇంటి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించండి. ఫోన్లు, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంక్ అన్నీ మన ప్లగ్గులతోనే ఎక్కుతాయి. బోర్డు మీద ఛార్జర్లు తప్ప ఇస్త్రీ పెట్టె, హీటర్ లాంటివి పెట్టకండి, అడాప్టర్ వేడెక్కి కరుగుతుంది.

ల్యాప్‌టాప్ వాళ్లకు ఒక మాట. మన లావు మూడు పిన్నుల ప్లగ్ చాలా యూనివర్సల్ అడాప్టర్లలో సరిగ్గా కూర్చోదు. ఛార్జర్ డబ్బా నుంచి గోడకు వెళ్లే తీగ ఊడివస్తుంది కదా, ఆ తీగ ఒక్కటే ఆ దేశపు ప్లగ్‌తో కొనుక్కుంటే సరిపోతుంది.

పవర్ బ్యాంక్ క్యాబిన్ బ్యాగ్‌లోనే ఉండాలి, చెక్-ఇన్‌లో పెట్టకూడదు. అందులో పట్టే కరెంటును వాట్ అవర్లలో కొలుస్తారు, 100 వాట్ అవర్ల వరకు అనుమతి అడగనక్కర్లేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి. అంతకు మించితే ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు. లెక్క ఇలా: పవర్ బ్యాంక్ మీద కెపాసిటీ 20,000 ఎంఏహెచ్ అని ఉంటే, దాన్ని బ్యాటరీ వోల్టేజీ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. కెపాసిటీ అక్షరాలు చెరిగిపోయినది తీసుకెళ్తే భద్రతా తనిఖీలో పక్కన పెట్టేస్తారు. విమానంలో పవర్ బ్యాంక్ వాడనివ్వని సంస్థలు కూడా ఇప్పుడు ఉన్నాయి, ముందే చూసుకోండి.

5. తిండి: ఏది వెళ్తుంది, ఎలా కట్టాలి

పొడులదే రాజ్యం. కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన ఉప్మారవ్వ, అటుకులు. హోటల్ గదిలో వేడినీళ్లు దొరికితే స్టీలు డబ్బాలో అటుకులు పోసి, నీళ్లు పోసి, మూతపెట్టి, ఐదు నిమిషాలకు పొడి కలుపుకుని తినొచ్చు. ఆ డబ్బా పెట్టెలో ఉన్నంతసేపు చిన్న సీసాలు, గాజు వస్తువులు అందులో భద్రంగా ఉంటాయి. స్టీలు డబ్బాను మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి. మైక్రోవేవ్ వాడేట్టయితే దానికి పనికొచ్చే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి.

పొడి పూర్తిగా చల్లారాకే కవర్‌లో పోయాలి. గాలి నొక్కి తీసి మూసి, ఇంకో కవర్‌లో పెట్టండి. పైన ఇంగ్లీషులో అదేమిటో, అందులో ఏమున్నాయో రాసి అంటించండి. కస్టమ్స్ అధికారి ముక్కుతో చూసి తెలుసుకోలేడు. షాపు సీలు ఉన్న ప్యాకెట్లయితే ప్రశ్నలు తక్కువ.

ఆవకాయ చెక్-ఇన్‌లోనే. క్యాబిన్‌లో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలకు చోటు లేదు, నూనె తేలే పచ్చడినీ అలాగే చూస్తారు. పైన తేలిన నూనె ఇంట్లోనే వంపేయండి. వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి నింపండి. పైకి వెళ్లాక గాలి ఒత్తిడి తగ్గి, నిండా ఉన్న సీసాలోంచి నూనె ఎగదన్నుతుంది. మూతికి పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి మూత బిగించి, చుట్టూ టేపు వేసి, జిప్‌లాక్‌లో పెట్టి, తువ్వాలు చుట్టి, మళ్లీ పెద్ద కవర్‌లో పెట్టండి. పెట్టె మధ్యలో, నలువైపులా బట్టలుండేలా ఉంచాలి.

ఇవి వద్దు:

- ఎండుకొబ్బరి చిప్పలు: నూనె ఎక్కువ కాబట్టి మండే వస్తువు కింద లెక్క.
- కర్పూరం, అగ్గిపెట్టె: పూజ సామాను మూటలో ఇవి తప్పక ఉంటాయి, విప్పి తీసేయండి.
- గల్ఫ్‌కు గసగసాలు: అక్కడ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మసాలా పొడిలో కలిసినవి కూడా వద్దు. ఇది తేలిగ్గా తీసుకోకండి.
- అమెరికాకు పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు: కరివేపాకు మీద బతికే ఒక పురుగు నిమ్మ జాతి చెట్లకు తెగులు తెస్తుందని రానివ్వరు.
- కోడి, మటన్ పచ్చళ్లు: అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా మాంసం విషయంలో కఠినం. యూరప్‌కు, బ్రిటన్‌కు ఇక్కడి నుంచి నెయ్యి, కోవా కూడా వద్దు.

ఫారంలో "తిండి పదార్థాలు ఉన్నాయా" అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. ఉన్నదని చెప్పినందుకు మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు. దాచి దొరికితే జరిమానా. ఆస్ట్రేలియాలో ఆ జరిమానా బాగా ఎక్కువ.

6. మందులు, కాగితాలు

రోజూ వేసుకునే మందులు ప్రయాణం రోజులకు మరో వారం కలిపి, క్యాబిన్ బ్యాగ్‌లో. స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాల్లో పోయకండి, పేరు కనబడాలి. డాక్టరు చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించండి. ఇన్సులిన్ చెక్-ఇన్‌లో పెడితే చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. కోడైన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు దుబాయ్‌కి అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు.

పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి ఆరు నెలలైనా ఉండాలి, చాలా దేశాలు అడుగుతాయి. వీసా, టికెట్, ఇన్సూరెన్స్, దిగే ఇంటి చిరునామా కాగితం మీద కూడా ఉంచండి. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే పిల్లల ఫోన్ నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పాస్‌పోర్టు కవర్‌లో పెట్టండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినప్పుడు ఆ కాగితమే దారి చూపిస్తుంది. ఒక పెన్ను.

7. క్యాబిన్ బ్యాగ్: పెట్టె రాకపోయినా రెండు రోజులు గడవాలి

ఒక జత బట్టలు, లోదుస్తులు రెండు, తువ్వాలు, మందులు, ఛార్జర్, ఫ్లీస్, నగలేమైనా ఉంటే అవి. టూత్‌పేస్ట్, నూనె, క్రీములు 100 మిల్లీలీటర్ల లోపు సీసాల్లో, ఒక లీటరు పారదర్శక కవర్‌లో. సగం ఖాళీ అయిన 200 మిల్లీలీటర్ల సీసా ఒప్పుకోరు, చూసేది సీసా సైజునే. కత్తెర, నెయిల్ కట్టర్, సూదులు చెక్-ఇన్‌లో వేయండి.

8. సర్దడం

బరువైనవి చక్రాల వైపు. బట్టలు చుట్టలుగా, వాటి సందుల్లో సాక్సులు, బూట్లలో ఛార్జర్ తీగలు. పెట్టె పిడికి పాత చీర అంచు ముక్క ఒకటి గట్టిగా చుట్టి కుట్టేయండి, వేలాడే కొసలు లేకుండా. బెల్టు మీద నల్ల పెట్టెలన్నీ ఒకేలా వస్తాయి. పెట్టె లోపల కూడా పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ వేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

గాలి పీల్చే వాక్యూమ్ కవర్లు కొని బరువు తగ్గిందనుకోవడం. తగ్గేది చోటే. ఖాళీ కనబడి ఇంకో ఐదు జతలు పెడతారు, కౌంటర్ దగ్గర 27 కిలోలు తేలుతుంది.

"అక్కడ దొరకదేమో" అని సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు మోయడం. అవి దొరకని ఊరు లేదు. దొరకనివి మీ మందులు, మీ కళ్లద్దాల పవర్, మీ ఇంటి కందిపొడి. అద్దాలు రెండో జత పెట్టుకోండి.

భార్యాభర్తలిద్దరి బట్టలు వేర్వేరు పెట్టెల్లో సర్దడం. ఒక పెట్టె రాకపోతే ఒకరికి ఏమీ ఉండవు. సగం సగం కలిపి సర్దండి.

ఎవరో తెలిసినవాళ్లు "మా అబ్బాయికి ఇవ్వండి" అని ఇచ్చిన ప్యాకెట్ విప్పకుండా పెట్టడం. విప్పి, చూసి, మీ చేతులతో మీరే సర్దండి. మొహమాటం వద్దు, పెట్టెలో ఉన్న ప్రతిదానికీ జవాబు చెప్పాల్సింది మీరు.

సరిగ్గా సర్దారో లేదో చూసుకోండి

బయలుదేరడానికి మూడు రోజుల ముందు ఒక పూట పెట్టెలోంచే బతకండి. స్నానం, బట్టలు, ఛార్జింగ్, మందులు అన్నీ అందులోవే. బీరువా వైపు చెయ్యి వెళ్లిందంటే ఆ వస్తువు మర్చిపోయినట్టు. ఒకసారి కూడా ముట్టనివి పక్కన పెట్టి, నిజంగా కావాలా అని ఇంకోసారి ఆలోచించండి.

తర్వాత పెట్టెను రెండు అంతస్తుల మెట్లు మీరే ఎక్కించండి. విమానాశ్రయం వాయు వజ్ర బస్సులోనూ, అక్కడి రైళ్లలోనూ ఎత్తేది మీరే. ఆయాసం వస్తే రెండు కిలోలు తీసేయండి.

కొక్కెం తూకం లేకపోతే మామూలు బరువు యంత్రం మీద మీరు ఒకసారి, పెట్టె పట్టుకుని ఒకసారి నిలబడి తేడా చూడండి. ఆ యంత్రాలు అర కిలో అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి 22 దగ్గర ఆపేయండి.

బెంగళూరు విమానాశ్రయంలో అంతర్జాతీయ విమానాలు 2023 సెప్టెంబరు నుంచి టెర్మినల్ 2 నుంచి నడుస్తున్నాయి, క్యాబ్‌లో అదే చెప్పండి. దారిలో హెబ్బాళ ట్రాఫిక్‌కు ఒక గంట ఎక్కువ వేసుకోండి. కౌంటర్ దగ్గర బరువు ఎక్కువ తేలితే కంగారుపడి పెట్టెంతా విప్పకండి. అందుకోసమే పైన ఒక మడత గుడ్డ సంచి, దాని కింద బరువైన వస్తువులు రెండు మూడు ఉంచండి: పుస్తకం, స్లిప్పర్లు, జాకెట్. జాకెట్ ఒంటి మీదికి, మిగతావి పంపడానికి వచ్చినవాళ్ల చేతికి ఇచ్చే సంచిలోకి. వాళ్లను మీ చెక్-ఇన్ అయ్యేదాకా బయట ఉండమనండి.